ముప్ఫై ఏడో వరుస

వసుమతక్క గురించి ఎవరైనా “పాపం” అంటే నాకు ఒళ్లు మండుతుంది. “ఎంత ఇన్‌స్పిరేషన్ అండీ” అంటే ఇంకా మండుతుంది. అమెరికాలో మేముండే కమ్మింగ్‌లో మన తెలుగువాళ్ల ఏ ఫంక్షన్‌కు పోయినా ఈ రెండు మాటల్లో ఏదో ఒకటి ఆమె చెవిన పడకుండా ఉండదు. ఆమె మాత్రం విననట్టే ప్లేటు పట్టుకుని నిలబడుతుంది. కోపం రాదా అని ఒకసారి అడిగాను. “కోపానికి కూడా ఓపిక ఉండాలి కదే” అంది.

ఆమెది తెనాలి. ఆరో క్లాసులో జ్వరం వచ్చి చూపు పోయింది. బ్రెయిలీ నేర్చుకుంది, ఎం.ఏ. చేసింది, పెళ్లయ్యాక ఆంజనేయప్రసాద్ అనే సాఫ్ట్‌వేర్ మనిషి వెంట అమెరికా వచ్చింది. ఇక్కడ ఉద్యోగం కోసం మూడేళ్లు తిరిగింది. ఫోన్లో ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా జరిగేది. చేతికర్రతో గుమ్మంలోకి వెళ్లగానే అవతలివాళ్ల గొంతు మారిపోయేది. ఆ మారిన గొంతు విన్న తర్వాత కూడా గంటసేపు కూర్చుని నవ్వుతూ జవాబులు చెప్పి రావడం ఉంది చూడండి, అది నా వల్లయితే కాదు. నేనైతే మధ్యలోనే లేచి వచ్చేసేదాన్ని.

చివరికి పని ఇచ్చింది మా ఆఫీసే. ముసలివాళ్ల ఇళ్లకు నర్సులనూ ఆయాలనూ పంపే చిన్న కంపెనీ. నేను బిల్లింగ్‌లో కూర్చుంటాను. ఏ ఆయా ఏ పూట ఎవరింటికి వెళ్లాలో చూసే షెడ్యూలింగ్ ఆమెది. బస్సు మొహం ఎరగని ఊరు మాది, అందుకని రోజూ నా కార్లోనే వచ్చేది. నేను కరీంనగర్ దాన్ని, నోరెక్కువ. ఆమెకు మాట తక్కువ. నాలుగేళ్లు ఒకే కార్లో ఎట్లా పొసిగిందో నాకిప్పటికీ తెలియదు.

కార్లో ఆమె ఒళ్లో ఎప్పుడూ ఒక నల్లటి పెట్టె ఉండేది. పైన కొన్ని మీటలు, ముందువైపు సన్నటి పట్టీ. ఆ పట్టీ మీద చుక్కలు లేస్తూ పడుతూ ఉంటే వేళ్లతో చదివేస్తుంది. బ్రెయిలీ నోట్‌టేకర్ అంటారు. కావాలంటే పైకి కూడా చదివి వినిపిస్తుంది. ఫంక్షన్లకు కూడా అది వెంట రావాల్సిందే. “ఆంటీ, యూ ప్లే కీబోర్డ్?” అని పిల్లలు అడిగేవాళ్లు. పిల్లలు నయం. ఒక పెద్దాయన ఏకంగా మైకు తెచ్చి ముందు పెట్టాడు.

ఆ పెట్టె ఎందుకంటే చెప్తాను. ఆఫీసులో ఆమె కంప్యూటర్‌కు మాట్లాడే ప్రోగ్రాం ఒకటి ఉంది, స్క్రీన్ మీద ఉన్నదంతా చదివి వినిపిస్తుంది. కానీ ఒక చెవిలో “నా కారు స్టార్ట్ అవట్లేదు” అని ఏడ్చే ఆయా, ఇంకో చెవిలో గడగడా చదివే కంప్యూటర్ ఉంటే మనిషి ఎవరి మాట వినాలి? అందుకని ఫోన్ పనంతా వేళ్లతో చదువుకుంటూ చేసేది. పైగా శని, ఆదివారాలు వంతులవారీగా ఫోన్ వస్తే ఇంటినుంచే చూసుకునే ఆన్-కాల్ డ్యూటీ ఉంటుంది. అప్పుడు ఎక్కడున్నా సరే వారం షెడ్యూలు ఆ పెట్టెలో ఉండి తీరాలి. షెడ్యూలు అంటే ఒక ఎక్సెల్ షీటు, పేషెంటుకొక వరుస.

బాగానే నడుస్తున్న బండి 2010లో ఆగింది. ఆ ఏడు ఆఫీసులో కొత్త ఎక్సెల్ వేశారు. కొత్త రకం ఫైలును ఆమె పెట్టె తెరవలేదు. పాత రకంలో సేవ్ చేసి ఇస్తే చక్కగా చదువుతుంది. పెట్టె చేసిన కంపెనీకి ఫోన్ చేస్తే, “వచ్చే అప్‌డేట్‌లో చూస్తున్నాం మేడమ్” అన్నారు. వచ్చే అప్‌డేట్ వచ్చింది, అందులో లేదు. మళ్లీ ఫోన్, మళ్లీ అదే మాట. ఆ హోల్డ్ మ్యూజిక్ నా కారు స్పీకర్లో ఎన్నిసార్లు మోగిందంటే, గిన్నెలు కడుగుతూ అదే కూనిరాగం తీస్తున్నానని మా ఆయన రాజ్ నన్ను తిట్టాడు.

మా మేనేజర్ పేరు డెబ్రా. “షీటు పంపేటప్పుడు పాత రకంలో కూడా ఒకటి సేవ్ చేసి పంపండి” అని అక్క ఆమెను అడిగింది. ఒక్క క్లిక్. డెబ్రా రెండు వారాలు చేసింది, తర్వాత మరిచిపోయింది. గుర్తుచేస్తే చేసింది, మళ్లీ మరిచిపోయింది. చెడ్డ మనిషి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. శుక్రవారం సాయంత్రం చివరి నిమిషం దాకా షీటు మారుతూనే ఉండేది. మేమందరం వెళ్లిపోయాక దాన్ని ఈమెయిల్‌లో పడేసి ఆమె కూడా ఇంటికి పరిగెత్తేది.

“ప్రతి వారం ఒక్క క్లిక్ కోసం అడుక్కోవడం ఉంది చూశావూ, పని కన్నా అదే ఎక్కువ అలసటే రేణూ” అంది వసుమతక్క ఒకరోజు. ఆ తర్వాత అడగడం మానేసింది.

అట్లా వాళ్లాయన ప్రసాదన్న చేతికి వచ్చింది ఆ పని. ఇంట్లో ఉన్న లాప్‌టాప్ ఆయనది. మాట్లాడే ప్రోగ్రాం ఆఫీసు కంప్యూటర్లో తప్ప వాడుకోవడానికి వీల్లేదు. అందుకని శుక్రవారం షీటు రాగానే ఆయనే తెరిచి, పాత రకంలోకి మార్చి, పెట్టెలో వేసి ఇచ్చేవాడు. అక్క అంటే ఆయనకు ప్రాణం. చేప ముల్లు తీసి పెడతాడు, ఫోన్‌కు చార్జింగ్ పెడతాడు, ఆమె అడగకముందే కుర్చీ జరుపుతాడు. ఆ అడగకముందే చేసే గుణం చూసి ఆడవాళ్లందరం ఈర్ష్య పడేవాళ్లం.

కానీ ఆ షీటు తెరిచే పని చేయకూడనిది. పేషెంట్ల పేర్లు, రోగాలు బయటివాళ్ల కంట పడకూడదు, కట్టుకున్న మొగుడి కంటైనా సరే. ఆ రూలుకు ఆఫీసులో అందరం సంతకం పెట్టినవాళ్లమే. ఫోన్లో కూడా పేషెంటు పేరు ఎత్తం. పక్కనెవరు వింటున్నారో తెలియదు కదా, అందుకని “ఇరవయ్యో వరుసకు మేరీని పంపు” అనుకుంటాం. అందరి దగ్గరా ఉన్నది ఒకే షీటు కాబట్టి వరుస నంబరు చెబితే చాలు. అక్కకు ఇదంతా తెలుసు. తెలిసే, వేరే దారి లేక, మొగుడి చేత తెరిపించుకుంది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆమెకు కుడి భుజం పట్టేసింది. కార్లో సీట్ బెల్టు పెట్టుకోవడానికి కూడా మూలిగేది. “ఈ షీటులో సగం ఖాళీ వరుసలే. డెబ్రాకు కంటికి విడివిడిగా కనబడాలని ఒక్కో పేటకూ మధ్య అన్నేసి ఖాళీలు వదిలేస్తుంది. నేను ఒక్కొక్కటీ నొక్కుకుంటూ దాటాలి. ఖాళీ, ఖాళీ, ఖాళీ అంటుంది పెట్టె. విని విని నా ప్రాణం ఉసూరుమంటోంది” అంది. ఇంట్లో కూడా అదే మాట అని ఉంటుంది. ఆ శుక్రవారం పెట్టె చేతికిస్తూ ప్రసాదన్న, “ఈ వారం నీకు హాయిగా ఉంటుంది చూడు” అన్నాడట. ఏం చేశాడో చెప్పలేదు, ఆమె అడగలేదు.

శనివారం మా స్నేహితురాలు విద్య వాళ్ల గృహప్రవేశం. పాలు పొంగించడం అయిపోయి టిఫిన్ల దగ్గరున్నాం. వసుమతక్క ఫోన్ మోగింది. ఫ్లోరిడాలో చుట్టాలింట్లో ఉన్న డెబ్రా. ఒక ఆయాకు ఒంట్లో బాగాలేదు, ఉన్న ఒక్క మనిషి రోసా. “ముప్ఫై ఏడుకు పంపెయ్, మిగతావాళ్లు సాయంత్రం దాకా ఆగుతారు” అంది డెబ్రా. అక్క పక్కగదిలోకి వెళ్లి, పెట్టె మీద వేళ్లు నడిపి, రోసాకు ఫోన్ చేసి అడ్రసు చెప్పింది. తిరిగి వచ్చి నా పక్కన కూర్చుని చల్లారిన ఉప్మా తింది. “షీటు ఈసారి ఎంత శుభ్రంగా ఉందే! డెబ్రాకు దయ పుట్టినట్టుంది” అని నవ్వింది.

రోసా వెళ్లింది వేరే ఇంటికి. అక్కడి పెద్దాయనకు కొడుకూ కోడలూ పక్కనే ఉన్నారు, ఆమెను చూసి ఎందుకొచ్చావన్నారు. డెబ్రా చెప్పిన ముప్ఫై ఏడులోని ముసలాయన మంచం మీంచి తనంతట లేవలేడు. తడిసిన పక్క మీద, తిండి లేకుండా, మధ్యాహ్నం ఆయన కూతురు వచ్చేదాకా అలాగే పడి ఉన్నాడు. ఆయనకేమీ కాలేదు, దేవుడి దయ. కానీ ఆ కూతురు ఫోన్లో అరిచిన అరుపులు సోమవారం ఆఫీసంతా వినిపించాయి. ఆమె తప్పేముంది, మా నాన్నైతే నేనింకా ఎక్కువ అరిచేదాన్ని.

 మంగళవారం పొద్దున కారెక్కాక అక్క చెప్పింది. సోమవారం ఆఫీసు కంప్యూటర్లో డెబ్రా షీటు మొత్తం విన్నదట. అందులో ఖాళీ వరుసలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పెట్టెలో ఉన్నదాంట్లో ఒక్కటీ లేదు.

“ఆయన తీసేశారే. నా భుజం నొప్పి చూడలేక ఖాళీలన్నీ ఏరి పారేశారు. దాంతో కిందివాళ్లంతా పైకి జరిగారు. డెబ్రా ముప్ఫై ఏడు వేరు, నా ముప్ఫై ఏడు వేరు.”

సిగ్నల్ దగ్గర బండి ఆపి ఆమె వైపు తిరిగాను. 

“అన్నకు చెప్పినవా?” అన్నాను.

“లేదు. చెబితే అన్నం మానేస్తారు.”

పదింటికి డెబ్రా మీటింగ్ పెట్టింది. దారిపొడవునా నేను బతిమాలుతూనే ఉన్నాను. “అక్కా, నా మాట ఇను. షీటు ఇంట్ల తెరిచినమని మాత్రం చెప్పకు. అన్న చూసిండని తెలిస్తే నిలబెట్టి తీసేస్తరు. పొరపాటున తప్పు చదివిన, సారీ అను. ఒక్క మాట. గా ఒక్క మాటతోని జాబ్ ఉంటది.”

“ఉంటుంది” అంది. “ఏమని ఉంటుంది? గుడ్డిది కదా, వరుస తప్పి చదివింది, పాపం అని ఉంటుంది.”

“ఎట్లనో అట్ల ఉండనీ! మళ్ల మూడేండ్లు తిరుగుతవా?”

“తిరిగే ఓపిక లేదే” అంది. ఆ తర్వాత కిటికీ వైపు తిరిగింది.  

మీటింగ్‌కు డెబ్రా నన్ను కూడా రమ్మంది. “మీ భాషలో ఏదైనా చెప్పాల్సి వస్తే” అంది. నా తలకాయ! వసుమతక్క ఇంగ్లీషులో సగం రాదు నాకు. అయినా వెళ్లి కూర్చున్నాను.

డెబ్రా తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కుర్చీ దగ్గరకు లాక్కుని, అక్క చేయి పట్టుకుని మొదలుపెట్టింది. “హనీ, నిన్నెవరూ తప్పుపట్టడం లేదు. అన్ని వరుసలు వేళ్లతో వెతుక్కోవడం ఎంత కష్టమో మాకు తెలుసు. తప్పు చదివావు, ఎవరికైనా అవుతుంది. నిన్ను ముందు డెస్క్‌లో ఫోన్ దగ్గర వేస్తాను. వచ్చినవాళ్లను పలకరించడమే, షీట్లతో పని ఉండదు. నీకు తేలికగా ఉంటుంది.”

అక్క చేయి వెనక్కి తీసుకుంది. “నేను తప్పు చదవలేదు” అంది.

“హనీ...”

“నా కాపీలో ముప్ఫై ఏడో వరుసలో ఎవరున్నారో వాళ్లింటికే పంపాను. నా కాపీ మీ కాపీ లాగా లేదు. అందులో ఖాళీ వరుసలు లేవు.”

“ఎందుకు లేవు?”

 నేను బల్ల కింద అక్క కాలు తొక్కాను, గట్టిగానే తొక్కాను. ఆమె కాలు పక్కకు జరిపింది.

“మీరు పంపే ఫైలు నా నోట్‌టేకర్‌లో తెరుచుకోదు. పాత రకంలో పంపమని అడిగాను, అడిగి అడిగి మానేశాను. అప్పటినుంచి మా ఇంట్లో నా భర్త మార్చి ఇస్తున్నారు. ఈ వారం నాకు శ్రమ తగ్గుతుందని ఖాళీలు తీసేశారు. ఆ సంగతి నాకు తెలియదు.”

 డెబ్రా మొహంలో కూడా నిద్ర లేదు. “ఆ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది వసూ” అంది. “తప్పు చదివావంటే నిన్ను ఉంచుకోగలిగేదాన్ని. పేషెంట్ల ఫైలు ఇంట్లో ఇంకొకరు తెరిచారని విన్నాక నేను విననట్టు ఉండలేను.”

“తెలుసు. తీసేయండి. కానీ ఎవరైనా అడిగితే అసలు కారణం చెప్పండి. చదవలేకపోయింది అని మాత్రం చెప్పకండి. రేపు నాలాంటి మనిషి ఇంకొకరు ఈ గుమ్మంలోకి వస్తారు.”

మధ్యాహ్నానికల్లా ఆమె సామాను నా కారు డిక్కీలో ఉంది. ఒక కాఫీ మగ్గు, ఒక శాలువా, బ్రెయిలీ లేబుళ్లు అంటించిన స్టేప్లర్. నాకు ఏడుపు ఆగలేదు, కోపమూ ఆగలేదు. ఆమె మీద, డెబ్రా మీద, పెట్టె కంపెనీ మీద, అన్నిటికన్నా ఎక్కువ ప్రసాదన్న మీద. “కాలు తొక్కితే జరుపుతవా? ఏం మనిషివక్కా నువ్వు?” అని అరిచాను.

“అలిసిపోయిన మనిషినే. కొంచెం ఏసీ తగ్గించు” అంది.

ఇంట్లో ప్రసాదన్న ఉన్నాడు, ఆ రోజు వర్క్ ఫ్రం హోమ్. సామాను చూసి తెల్లబోయాడు. ఆమె సోఫాలో కూర్చుని, గొంతు పెంచకుండా మొత్తం చెప్పింది. ఆయన ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు.

“నీ కోసమే కదా వసూ తీసేసింది... నీ చెయ్యి నొప్పి పెడుతోందనే కదా...”

“నాకు తెలుసండీ.”

“నా తప్పుకు నీ ఉద్యోగం పోయిందే! తప్పు చదివానని ఒక్క ముక్క అనేస్తే సరిపోయేదిగా?”

“అదొక్కటీ అనలేకపోయాను. నాకున్నది ఆ చదవడమే” అంది. “మీరు ముల్లు తీసి పెడితే తింటాను. కానీ చదివేదాంట్లోంచి ఏదీ తీయకండి. ఖాళీ అయినా సరే, ఉన్నది ఉన్నట్టు నా చేతికివ్వండి. ఏది దాటాలో నేను దాటుకుంటాను” అంది. ఆయన ఆమె మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. నేను చెప్పకుండా లేచి వచ్చేశాను.

ఆ వారం శుక్రవారం డెబ్రా మరిచిపోకుండా షీటును పాత రకంలో కూడా సేవ్ చేసింది. నేను నా బల్ల దగ్గరనుంచి చూస్తూనే ఉన్నాను. సేవ్ చేశాక ఎవరికి పంపాలో తోచక స్క్రీన్ వంక చూస్తూ కూర్చుంది.

వేసవంతా అక్క మళ్లీ ఇంటర్వ్యూలకు వెళ్లింది. నేనే తీసుకెళ్లి బయట కార్లో కూర్చునేదాన్ని. ఆమె వచ్చి సీట్ బెల్టు పెట్టుకునే తీరులోనే ఏమైందో తెలిసిపోయేది. రెండు చోట్ల పాత ఆఫీసు సంగతి అడిగారట, ఉన్నది ఉన్నట్టు చెప్పిందట. ఇంకేముంది, ఫోన్ చేస్తామన్నారు.

అక్టోబర్‌లో వచ్చింది ఆ మాయదారి అప్‌డేట్. కొత్త రకం ఫైళ్లు ఇక నేరుగా తెరుచుకుంటాయి. ఉద్యోగం పోయిన ఎనిమిది నెలలకు! నేను ఆ కంపెనీని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ప్రసాదన్న అప్‌డేట్ వేసే సమయానికి నేను వాళ్లింట్లోనే ఉన్నాను. పనిచేస్తుందో లేదో చూడటానికి ఆఫీసు ఫైలేదీ లేదు మరి. ఆయన దీపావళి పాట్‌లక్ లిస్టు, ఎవరు ఏ వంట తెస్తారనే ఎక్సెల్ షీటు, ఉన్నది ఉన్నట్టుగా పెట్టెలో వేసి ఇచ్చాడు.

తెరుచుకుంది. ఆమె పై వరుసనుంచి మొదలుపెట్టింది. పులిహోర, బొబ్బట్లు, గుత్తివంకాయ. తర్వాత పేర్లు ఇంకా నింపని వరుసలు. “ఖాళీ” అంది పెట్టె. “ఖాళీ. ఖాళీ.” ప్రసాదన్న చేయి అలవాటు కొద్దీ లాప్‌టాప్ మీదికి వెళ్లింది. వెళ్లి ఆగిపోయింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, బడిలో కొట్టించుకున్న పిల్లాడిలాగా. ఆమె ఒక్కొక్క ఖాళీనీ నొక్కుకుంటూ, భుజం నొప్పికి ముఖం చిట్లించుకుంటూ, కిందికి పోయింది.

ఒకచోట ఆగింది.

“ఏమండీ, మీ స్క్రీన్ మీద ముప్ఫై ఏడో వరుసలో ఏముంది?”

ఆయన స్క్రీన్ మీదికి వంగి చూశాడు. “పెరుగు వడలు. సంహిత వాళ్లు.”

ఆమె వేళ్లు ఆ పట్టీ మీద ఒకసారి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాయి.

“నాకూ అవేనండీ” అంది. “పెరుగు వడలు. సంహిత.”

ఉద్యోగం పోయిన రోజు ఏడవని మనిషి, అన్ని ఇంటర్వ్యూల నుంచి పొడి కళ్లతో వచ్చిన మనిషి, ఆ పెట్టె మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికేముంది. ప్రసాదన్న ఆమె దగ్గరకు వెళ్లబోయి, ఆగి, “మంచినీళ్లు తేనా?” అని అడిగాడు. అడిగి చేయడం ఆయన కొత్తగా నేర్చుకుంటున్నాడు.

“వద్దు. ఇంకా కింద ఖాళీలున్నాయి, ఉండండి” అని కళ్లు తుడుచుకుని, ఆమె మళ్లీ చదవడం మొదలుపెట్టింది.